అమ్మమ్మ మూడో ప్రశ్న

మా అమ్మమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. పీట వేసుకుంటే తప్ప అటక మీది డబ్బా అందదు. అలాంటి మనిషి ముప్పై ఏళ్లుగా జనాన్ని పైకెక్కించి బతుకుతోంది. మాది సిజర్ లిఫ్టులు అద్దెకిచ్చే షెడ్డు. కత్తెర కాళ్ల మీద, చుట్టూ కమ్మీలున్న ఒక బల్ల. మీట నొక్కితే కాళ్లు సాగుతాయి, బల్లా దాని మీది మనుషులూ కప్పు దాకా లేస్తారు.

ఎవరొచ్చి లిఫ్టు అడిగినా అమ్మమ్మవి మూడు ప్రశ్నలు. ఎంత ఎత్తు? పైన ఎంత బరువు? కింద ఏముంది? మొదటి రెండిటికీ అందరూ టక్కున చెప్పేస్తారు. మూడోదానికి, "ఏముంటుందమ్మా, నేలే" అంటారు. "నేల కింద?" అంటుంది. అక్కడ తెల్లమొహం వేస్తే లిఫ్టు లేదు, పొమ్మంటుంది. ఇంట్లోకి కొత్త బీరువా వచ్చినా ఇదే వరస.

ఒక సోమవారం మావయ్య, అంటే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, లిఫ్టు అడగడానికొచ్చిన వాళ్ల ముందే అనేశాడు: "అమ్మకు చూపు మందగించిందండీ. ఏ పనికి ఏ మెషినో ఇక నేనే చూస్తాను."

అమ్మమ్మ ఏమీ అనలేదు. అదే భయం. ఆవిడ తిడితే జల్లు, నోరు మూసుకుంటే తుపాను. ఆ రోజు నుంచి తల్లీకొడుకులకు మాటల్లేవు. "భోజనానికి రమ్మని మీ మావయ్యకు చెప్పు." "ఆకలి లేదని మీ అమ్మమ్మకు చెప్పు." ఇద్దరి మధ్యా నేను టపా మోశాను. పదో తరగతి రెండుసార్లు తప్పినదాన్ని కదా, ఉత్తరంలో లేని ముక్కలు కూడా కొన్ని కలిపేదాన్ని.

బుధవారం మావయ్య ఒక ఆటల హాల్లో దీపాలు మార్చే పనికి బయల్దేరుతున్నాడు. అమ్మమ్మ బ్యాటరీల్లో నీళ్లు పోస్తూ, తలెత్తకుండా, "ఎత్తెంతో, బరువెంతో, కింద ఏముందో అడిగి రా" అంది.

వెళ్లాను. కప్పు తొమ్మిది మీటర్లన్నాడు. పైన తనూ, కరెంటు పనాయనా, రెండు పెట్టెల దీపాలన్నాడు. మూడోది అడగబోతుంటే, "ఇంకా ఏమైనా పరీక్ష ఉందా?" అని కసిరాడు. ఉందంటే ఇంకో దండకం వినాలి. లేదన్నాను. అమ్మమ్మ దగ్గరికొచ్చి మాత్రం, "కింద నేలేనట" అన్నాను.

నేల కింద ఏముందని అడగాలంటే ఆవిడ లేచి కొడుకు మొహం చూడాలి. చూడలేదు. మావయ్య ఎంచుకున్న రెండున్నర టన్నుల పెద్ద మెషిన్ని వెళ్లనిచ్చేసింది.

మధ్యాహ్నం చూస్తే, పైకెక్కినప్పుడు కమ్మీకి కట్టుకునే నడుం బెల్టు ఒకటి మేకుకే వేలాడుతోంది. ఇచ్చొస్తానని నేను వ్యాను తీస్తే, అమ్మమ్మ ఎక్కి పక్కన కూర్చుంది.

"వాడి కోసం కాదే. బెల్టు కోసం."

హాలు గుమ్మం దాటగానే ఆగిపోయింది. నేలలో అడుగు లోతు తొట్టి, దానికి జాలీ.

"ఆడుకునే చోట కాళ్లు కడుక్కునే తొట్టి ఎందుకే?"

మా వెనకే వచ్చిన కాపలా ఆయన్ని ఆవిడే అడిగింది. "ఇంతకుముందు ఇక్కడేముండేది బాబూ?"

"ఈతకొలను పెద్దమ్మా. నీళ్లు తీసేసి, పైన చెక్కలు పరిచి, ఆటలకిచ్చేశారు. ఆ చివర రెండు నిలువుల లోతు."

నేను చప్పున ఆ చివరికి చూశాను.

అక్కడే ఉంది మా మెషిన్. మావయ్యా, కరెంటాయనా కప్పు కింద నిలబడి ఉన్నారు. ఒక దీపం అయిపోయినట్టుంది, పైనుంచే నెమ్మదిగా పక్క దీపం వైపు నడుపుతున్నాడు. ముందు చక్రం కింద చెక్క అరటాకులా వంగి, చక్రం దాటాక మళ్లీ లేస్తోంది. ఇద్దరూ కప్పునే చూస్తున్నారు.

అమ్మమ్మ నా వైపు తిరిగి, "మీ మావయ్యకు చెప్..." అని మధ్యలో ఆపేసింది. నా మొహంలో ఏం కనబడిందో గాని, నన్ను పక్కకు నెట్టింది. గట్టిగా అరిస్తే ఇద్దరూ ఒకే కమ్మీ మీదికి వంగుతారని ఆవిడకు తెలుసు. గోడ వారగా నడిచి, మావయ్య కళ్లకు ఎదురుగా వెళ్లి చెయ్యెత్తింది.

"కదలకు."

మూడో రోజుకు మొదటి మాట. మావయ్య మీట వదిలాడు. "ఏంటమ్మా, మాట్లాడుతున్నావా?"

"కింద ఏముందిరా?"

"నేల."

"కొలను. ఖాళీ కొలను."

కరెంటాయన చేతిలోని దీపం పెట్టెలో ఠంగున పడింది. మావయ్య మళ్లీ మీట పట్టుకున్నాడు. "గోడ పక్కకు తెచ్చేస్తాను. నాలుగడుగులే."

"ఒక్క అడుగు కూడా వద్దు. దించే మీట తప్ప ఇంకోటి ముట్టుకున్నావంటే చూడు. ఇద్దరూ మధ్యలో నిలబడండి."

కత్తెర ముడుచుకోవడం మొదలైంది. చెక్క కిర్రుమంది. సగం దిగేసరికి మెషిన్ ఒక వారకు ఒరిగిందని కుయ్యోమని మొత్తుకోవడం మొదలెట్టింది. మావయ్య మీట వదిలేశాడు.

"అరవనీ. అరిచినా దిగుతుంది. నొక్కు."

నేలకు ఇంకో నిలువెత్తు ఉందనగా టక్కున ఆగిపోయింది. కరెంటాయన, "చచ్చాంరా దేవుడా" అంటూ ఒక కాలు కమ్మీ మీదుగా వేసేశాడు. ఆ బరువు ఆ చెక్క మీదికి దూకితే ఏమవుతుందో నాక్కూడా అర్థమైంది.

"కాలు లోపలికి తియ్ నాయనా! కింద ఎవరైనా నలుగుతారేమోనని అక్కడ ఆగడం దాని అలవాటు. మీట వదలరా. ఐదు లెక్కపెట్టి మళ్లీ నొక్కు. పైకి లెక్కపెట్టు, నాకు వినబడాలి."

మా మావయ్య, నలభై రెండేళ్ల మనిషి, బళ్లో పిల్లాడిలా లెక్కపెట్టాడు. మూడు దగ్గర కిందికి చూసి ఆగిపోయాడు. అమ్మమ్మే నాలుగు, ఐదు అంది. మెషిన్ దిగింది.

ఒక్కొక్కరినే దింపి, చెక్కల్లో మేకుల వరస ఉన్న చోట, అంటే కింద దూలమున్న చోట, అడుగులో అడుగేయించి గోడ దాకా తెచ్చింది. మావయ్య గోడకు ఆనుకున్నాడో లేదో, వెనకాల ఫెళ్లుమంది. ముందు చక్రం ఇరుసు దాకా చెక్కలోకి దిగిపోయి ఆగింది. నా జేబులో ఒక మరమేకు ఉంటే ఆ కంతలో వేశాను. ఒక క్షణం గడిస్తే గాని అడుగున ఠంగుమనలేదు.

అమ్మమ్మ నడుం బెల్టు కొడుకు చేతిలో పెట్టింది. "మర్చిపోయావు" అంది. మావయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం మెట్టు మీద కూర్చోబెట్టాడు.

వ్యానులో ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కున్నాం. దాచుకోలేకపోయాను. "మూడోది నేను అడగలేదు అమ్మమ్మా. నేలని నేనే కల్పించి చెప్పాను."

మావయ్య నా వైపు చూశాడు. అమ్మమ్మ మాత్రం రోడ్డునే చూస్తూ, "నా కొడుకుతో నీ నోటితో మాట్లాడ్డం నా తప్పు" అంది. నా వైపు తిరిగి, "అబద్ధమాడ్డం నీదే. నెల రోజులు బ్యాటరీల నీళ్లు నువ్వే పొయ్యాలి" అంది.

"అమ్మా, చూపు గురించి నేనన్నది..." అని మావయ్య మొదలెట్టాడు.

"చూపు మందగించింది నిజమే. అందుకేగా అడుగుతాను. కళ్లున్నవాడివి, తొట్టి దాటుకుంటూ వెళ్లావు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ షెడ్డులో, ఏ మెషిన్ ఎక్కడికని, వీధి చివరికి వినబడేలా నేరుగా తిట్టుకుంటున్నారు. నేను బ్యాటరీల్లో నీళ్లు పోస్తూ విన్నాను. టపా పని పోయింది. పోతే పోయింది, ప్రాణానికి హాయిగా ఉంది.