జారింది గైడమ్మ కాదు

గైడమ్మ పోయారు. పోయిన మంగళవారం పొద్దున ఫ్రీమాంట్ స్టేషన్‌లో ట్రైన్ కోసం నిలబడి ఉండగా ఆవిడ కూతురి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మ ఆదివారం నిద్రలోనే వెళ్ళిపోయిందని, అమ్మ ఫోన్‌లో నంబర్లున్న వాళ్ళందరికీ తెలియజేస్తున్నానని రెండే రెండు వాక్యాలు. ట్రైన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్ళిపోయింది. నేను ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను. వీపు మీద, రెండు భుజాల మధ్య, ఎవరో గుప్పిటతో గట్టిగా పట్టి లాగుతున్నట్టు అనిపించింది. ఆరేళ్ళుగా నాకు అప్పుడప్పుడూ అలా అనిపిస్తూనే ఉంది. మీటింగ్‌లో మాట్లాడుతుండగా, పిల్లల్ని స్కూల్లో దింపి వస్తుండగా, ఒక్కోసారి స్నానం చేస్తుండగా. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

ఆవిడకు గైడమ్మ అని పేరు పెట్టింది శామ్యూల్. మేం ముగ్గురం: కృష్ణా లంకల్లో పుట్టిన శామ్యూల్, వరంగల్ రవి, నేను. రవికి లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, వీసా గడువు ఇంకో వారంలో అయిపోతుందనగా కొత్త ఉద్యోగం దొరికింది. ఆ సంతోషంలో ఎక్కడికైనా పోదామనుకున్నాం. కొండల్లో నది ఉంది, గైడ్‌ని పెట్టుకుంటే ఫ్లై ఫిషింగ్ నేర్పుతారు, పోదాం పదండని శామ్యూల్ పట్టుబట్టాడు. ఉత్తరంగా ఐదు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాం. ఆ ఊరి ఫిషింగ్ షాపు ముందు, పాత ట్రక్కుకు ఆనుకుని, నెరిసిన జడతో ఒక పొట్టి మనిషి నిలబడి ఉన్నారు. అరవై దాటిన ఆడమనిషి గైడ్‌గా వస్తారని మాలో ఎవరం అనుకోలేదు.

ఆవిడ చలికాలమంతా స్కూల్ బస్ నడిపేవారు, వేసవిలో నది. బస్ అలవాటు నదిలో కూడా పోలేదు. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి "ఒకటి, రెండు, మూడు" అని మమ్మల్ని లెక్కపెట్టుకునేవారు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా ఇన్నేళ్ళుగా నాలో నేను తలుచుకుని తలుచుకుని ఆ మాటలు ఇప్పుడు తెలుగులోనే వినిపిస్తాయి.

మొదటి అరగంట మమ్మల్ని నీళ్ళు ముట్టుకోనివ్వలేదు. ఒడ్డున కూర్చుని చూడమన్నారు.

"మేడం, చేపలు ఎప్పుడు?" అన్నాడు శామ్యూల్.

"చేపలకి తొందర లేదు. నీకెందుకు?"

నీళ్ళలోంచి ఒక రాయి తీసి తిరగేసి చూపించారు. దాని అడుగున బియ్యపు గింజంత పురుగులు పాకుతున్నాయి. తర్వాత జేబులోంచి చిన్న పెట్టె తీశారు. ఈకలతో, దారంతో కొక్కేనికి చుట్టి కట్టిన బొమ్మ పురుగులు అందులో వరసగా ఉన్నాయి. ఫ్లై అంటే అదేనట. "నది ఇవాళ ఏం తింటోందో ముందు కనుక్కోవాలి. నీకు నచ్చింది పెడితే చేప రాదు" అన్నారు. చేపను ముట్టుకునే ముందు చెయ్యి తడుపుకోమనేవారు. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోయి జబ్బు చేస్తుందట. నేనిప్పటికీ ఇంట్లో అక్వేరియం కడిగేటప్పుడు ముందు చెయ్యి తడుపుకుంటాను.

పదకొండింటికి శామ్యూల్‌కి మూరెడు ట్రౌట్ చేప పడింది. "ఒరేయ్, పులుసుకి సరిగ్గా సరిపోద్దిరా!" అని అరిచాడు. పులుసంటే ఏమిటని గైడమ్మ అడిగారు. వాడు చింతపండు దగ్గర మొదలుపెట్టి, మట్టిదాక దాకా వెళ్ళి, వాళ్ళమ్మ దగ్గర ఆగాడు. ఆవిడ అంతా శ్రద్ధగా విని "మంచి వంటే. అయినా వదిలెయ్" అన్నారు. వాడు వదిలేశాడు. వదిలాక చాలాసేపు ఖాళీ చేతుల వంక చూసుకున్నాడు.

నదిలోకి దిగడానికి ఛాతీ దాకా వచ్చే రబ్బరు లాగులు ఇచ్చారు. వేడర్లంటారు. వాటి మీద నడుముకు బెల్టు బిగించాలి. ఆవిడ ఒక్క ఆ విషయంలోనే గొంతు పెంచారు. "జారి పడితే ఇందులోకి నీళ్ళు దిగి మనిషిని కిందికి లాగేస్తాయి. బెల్టు బిగించనివాళ్ళు నాతో నీళ్ళలోకి రారు." మధ్యాహ్నం బండల మీద కూర్చుని పులిహోర, చికెన్ ఫ్రై తిన్నాం. గైడమ్మ మాలాగే చేత్తోనే తిన్నారు. పొట్ట బరువుగా ఉందని నేను బెల్టు వదులు చేసుకున్నాను. మళ్ళీ బిగించుకోలేదు.

తిన్నాక ఆవిడ నన్ను మలుపు దాటించి కిందికి తీసుకెళ్ళి మోకాటిలోతు నీళ్ళలో నిలబెట్టారు. అంతలో పైన శామ్యూల్ గాలం చెట్టుకొమ్మకు చిక్కుకుందని కేకలు. "ఇక్కడే ఉండు. నేనొచ్చేదాకా ఒక్క అడుగు కూడా వెయ్యకు. నీళ్ళు తేటగా ఉన్నాయని లోతు నమ్మకు" అని చెప్పి వెళ్ళారు. నాకు కాస్త అవతల, పెద్ద చేప ఒకటి పైకొచ్చి గుండ్రంగా అల లేపి మునిగింది. మళ్ళీ లేచింది. నేను నడిచాను. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. నాలుగో అడుగుకు కాలికింద ఏమీ లేదు.

పడినప్పుడు అరవాలని కూడా తోచలేదు. చల్లదనానికి ఊపిరి బిగుసుకుపోయింది. లాగులోకి నీళ్ళు దిగుతున్నాయి, కాళ్ళు రాళ్ళు కట్టినట్టు బరువెక్కాయి. ఆకాశం ఒకసారి కనిపించింది, పోయింది. రెండోసారి కనిపించలేదు. అప్పుడు వీపు మీద ఒక గుప్పిట పడింది. శామ్యూల్ గాలం విడిపించి తిరిగొచ్చిన గైడమ్మ వేడర్ల పట్టీలు రెండూ కలిపి పట్టుకుని నన్ను వెనక్కి లాగి, ఒక బండ మీదికి నెట్టారు. నెట్టేటప్పుడు ఆవిడ కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని మెలిపడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు వినిపించింది. ఆవిడ అరవలేదు. "దగ్గు. దగ్గెయ్. నీళ్ళు బయటికి రానీ" అన్నారు నాతో.

ఒడ్డు ఎక్కడానికి ఆవిడ అడుగు వెయ్యలేకపోయారు. నేను ఆవిడ చెయ్యి నా మెడ చుట్టూ వేసుకుని మోసుకొస్తుండగా మలుపు దగ్గర మమ్మల్ని చూసి రవి, శామ్యూల్ పరిగెత్తుకొచ్చారు.

"అయ్యో, ఏమైందిరా? మేడం పడిపోయిందా?" అన్నాడు రవి.

"నువ్వు దూకావా ఏంట్రా? దూకి పట్టుకున్నావా?" అన్నాడు శామ్యూల్.

నేను గైడమ్మ వంక చూశాను. ఆవిడా నా వంకే చూస్తున్నారు. కోపంగా కాదు, ఎదురుచూస్తున్నట్టు. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఆఁ, పట్టుకున్నా" అన్నాను.

అంతే. ఆ ఒక్క మాటే. ఆవిడ చూపు తిప్పుకుని, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, "ట్రక్కు దాకా నడిపించండి" అన్నారు.

తర్వాత అది నా చేతుల్లో లేకుండా పోయింది అని రాయాలని ఉంది. కాని నిజం కాదు. ప్రతిసారీ నా చేతుల్లోనే ఉంది. శామ్యూల్ వాళ్ళ తెలుగు చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు "దేవుడు ఆ గడియలో మావాణ్ణి అక్కడ నిలబెట్టాడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు. శాన్ రామన్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ పుట్టినరోజుకు వెళ్ళినా పిల్లలు "అంకుల్, యూ సేవ్డ్ ఎ లేడీ?" అని కళ్ళు పెద్దవి చేసుకుని అడిగేవారు. రవి మంచి మనసుతోనే ఆన్‌లైన్‌లో రివ్యూ రాశాడు. గైడ్ చాలా గొప్పగా నేర్పారు, కాని వయసు మీద పడింది, నదిలో ఆవిడే జారిపోయారు, పక్కనే మా ఫ్రెండ్ ఉండబట్టి సరిపోయింది, వెళ్ళేవాళ్ళు జాగ్రత్త అని. లింక్ నాకు పంపాడు. చదివి లైక్ కొట్టాను.

రెండేళ్ళ తర్వాత షాపుకు ఫోన్ చేసి ఆవిడ కోసం అడిగాను. ఇప్పుడు ఆవిడను పంపడం లేదన్నారు. మోకాలు పూర్తిగా కుదురుకోలేదట. ఆ రివ్యూ చూసి జనం వేరే గైడ్ కావాలంటున్నారట. ఆ శనివారం ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే వెళ్ళాను.

ఆవిడ ఇంటి వరండాలో కూర్చుని షాపు కోసం ఫ్లైలు కడుతున్నారు. పక్కన ఊతకర్ర. నేను జరిగిందంతా చెప్పాను, ఆవిడకు తెలియనట్టు. చేతిలో ఉన్న ముడి పూర్తయ్యేదాకా ఆవిడ తలెత్తలేదు.

"నాకెందుకు చెప్తున్నావు? నేనక్కడే ఉన్నాను కదా. అక్కడ లేనివాళ్ళకి చెప్పు."

"ఆ రోజే మీరు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు వణికిపోతున్నావు. ఒక నిమిషం ఆగితే నువ్వే చెప్తావనుకున్నాను."

తర్వాత టీ ఇచ్చారు. పులుసు కుర్రాడు ఎలా ఉన్నాడని అడిగారు. వెళ్ళేముందు ఫ్లై ముడి వెయ్యడం నేర్పి, మూడుసార్లు విప్పించి మళ్ళీ వేయించారు. ఆ తర్వాత ఏటా వేసవిలో వెళ్ళేవాణ్ణి. నేను గాలం విసురుతుంటే ఆవిడ ఒడ్డున మడతకుర్చీలో కూర్చుని "మణికట్టు కాదు, మోచెయ్యి" అని కేకేసేవారు. కోపం చూపించలేదు. చెప్పావా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నది చప్పుడులో ఆ ప్రశ్న నాకు వినిపిస్తూనే ఉండేది. చటుక్కున తిరిగి చూస్తే ఆవిడ టోపీ కళ్ళ మీదికి లాక్కుని కునుకు తీస్తుండేవారు.

ఈ శనివారం నది ఒడ్డున స్మారకసభ పెట్టారు. మేం ముగ్గురం వెళ్ళాం. శామ్యూల్ కారు నడుపుతున్నాడు. కొండలు మొదలయ్యాక నిజం చెప్పాను. మొదట వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక కారు పక్కకు తీసి ఆపాడు.

"చర్చిలో అందరి ముందూ చెప్పాను కదరా. దేవుడి పేరు పెట్టి చెప్పాను. నువ్వు ముందు వరసలోనే కూర్చున్నావు కదరా."

వెనక సీట్లోంచి రవి ముందుకు వంగాడు.

"గా రివ్యూ రాసింది నేనే గదరా. ఆమె పని నా రాతతోనే పోయింది."

"నా మాటతో పోయింది" అన్నాను.

"నువ్వు నోటితోని అన్నవ్. నేనైతే రాసి పెట్టిన. ఆరేండ్లు అందరు చదివిండ్రు." ఫోన్ తీసి ఆ రివ్యూ తీసేశాడు. తీసేశాక కూడా స్క్రీన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. శామ్యూల్ మళ్ళీ కారు తీశాడు.

సభకు ముందే ఆవిడ కూతుర్ని పక్కకు పిలిచి చెప్పేశాను. యాభై ఏళ్ళ మనిషి. తల్లి కళ్ళే. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను.

"అమ్మ నాతో తనే జారానని చెప్పింది" అంది మెల్లగా. "నీకు వయసైపోయింది, ఇంక నది మానెయ్ అని నేనే పోట్లాడాను. ఏడాది పాటు మేం సరిగ్గా మాట్లాడుకోలేదు. అయినా చెప్పలేదే."

సభలో నా వంతు వచ్చినప్పుడు లేచి, నన్ను నీళ్ళలోంచి తీసింది ఆవిడేనని నలభై మంది ముందు చెప్పాను. చప్పట్లు లేవు. నేను తల దించుకోలేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు కొందరు తలలూపారు, ఎప్పటినుంచో తెలిసిన సంగతి విన్నట్టు.

సాయంత్రం కూతురు చితాభస్మం పెట్టె పట్టుకుని, మామూలు బూట్లతోనే మోకాలి దాకా నీళ్ళలోకి దిగింది. సాయం రాబోయినవాళ్ళను చేత్తోనే ఆపింది. వంగి పెట్టె వంచింది. ప్రవాహం చాలావరకు ఒక్క ఊపులో తీసుకుపోయింది. కొంచెం బూడిద మాత్రం ఒక బండ వెనక నిలవనీటిలో చిక్కుకుని, పాలమీగడలా పరుచుకుని, గుండ్రంగా తిరగసాగింది. ఎండ కొండ దిగింది. జనం ఒక్కొక్కరే కార్ల వైపు నడిచారు. అది ఇంకా అక్కడే, ఎటూ పోకుండా, మెల్లగా తిరుగుతూ ఉంది.