నాలుగో పాఠంలో తప్పు

కుట్టు టీచరమ్మకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ముప్పై ఏళ్లు మిషను తొక్కి, మోకాళ్లు మొరాయించాక ముందుగదిలో ఫోను నిలబెట్టి ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టింది: పన్నెండు పాఠాల్లో చొక్కా. ప్రతి పాఠం తర్వాత నేర్చుకునేవాళ్లు తాము కుట్టినది తిరగేసి ఫొటో పంపాలి. పైకి ఎంత సోకుగా ఉన్నా ఆవిడకు అక్కర్లేదు. లోపలి కుట్టు చూస్తే గానీ తర్వాతి పాఠం తెరవదు.

నాలుగో పాఠం చొక్కా చేతులు కత్తిరించి కుట్టడం. మాటల్లో పడి ఆవిడ బట్ట మడత వేయకుండా, అచ్చు కాగితం తిప్పకుండా రెండుసార్లు కత్తిరించేసింది. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. తనను తానే నాలుగు తిట్టుకుని మళ్లీ కత్తిరించింది. కోర్సు నడిపే సంస్థ మేనేజరు వీడియోలోంచి ఆ ఏడు నిమిషాలనూ ఎగరగొట్టాడు.

వారం తిరిగేసరికి అరవైమందిలో నలభైమంది అక్కడే ఆగిపోయారు.

"ఫొటోల గోల తీసేద్దామమ్మా. వీడియో చూసినవాళ్లందరికీ సర్టిఫికెట్ ఇచ్చేద్దాం," అన్నాడు మేనేజరు ఫోనులో. "శనివారానికి సగంమందైనా ఐదో పాఠానికి రాకపోతే కోర్సు మూసేయాల్సి వస్తుంది."

"కుట్టనివాళ్లకి కుట్టు వచ్చని నేను సంతకం పెట్టను బాబూ."

అనేసింది గానీ లోపల భయంగానే ఉంది. ఇది పోతే ఆవిడకు ఇక చేతిలో పని లేదు.

ఆగిపోయినవాళ్లకు వరసగా ఫోన్లు చేసింది. ఒక బస్సు కండక్టరు నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. "మీకు ఒక్కసారికే కుదిరింది టీచరమ్మా. నాకు మూడుసార్లు కుట్టినా ఒక చెయ్యి వెనక్కే తిరుగుతోంది. సిగ్గేసి మానేశాను."

మేనేజరు తన తప్పును కోసేశాడని అర్థమై ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఫోనులో ఉన్న అసలు వీడియోను కోడలి చేత ఎక్కించింది. మేనేజరు తీసేశాడు. మళ్లీ ఎక్కించింది.

"మీ పరువే పోతుందమ్మా," అన్నాడతను.

"నా పరువు సంగతి నేను చూసుకుంటాలే. ఇంకోసారి తీస్తే నువ్వే వచ్చి కుట్టి చూపించు."

గురువారం నుంచి ఫొటోలు మొదలయ్యాయి. విప్పి కుట్టిన చేతులు, తెగిన దారాలు, సూది గుచ్చుకున్న బొటనవేళ్లు. కండక్టరు ఒకే చొక్కాకు నాలుగు ఫొటోలు పంపాడు. ఆవిడ అన్నీ పెద్దవి చేసి చూసి, ఇద్దరి చేత మళ్లీ విప్పించింది. శనివారానికి ఐదో పాఠానికి చేరినవాళ్లు ముప్పైనాలుగు.

మేనేజరు ఫోను చేశాడు. "గట్టెక్కాం కదమ్మా. ఇప్పుడైనా ఆ ఏడు నిమిషాలు తీసేయనా?"

"ఐదో పాఠంలో కాలరు తలకిందులుగా కుట్టాను," అంది ఆవిడ. "అదీ ఉంచు."