నూతి పక్క గూట్లో నా పళ్ళ తీగ

నా పైపళ్ళు పెదవి మీదికి తోసుకొచ్చేవి. తాడేపల్లిగూడెంలో మా క్లాసు పిల్లలు నన్ను కొబ్బరి కోరాం అని పిలిచేవారు. పాలపళ్ళన్నీ ఊడి కొత్తవి వచ్చిన ఏడు, అమ్మ నాన్నగారితో పోట్లాడి మరీ నన్ను ఏలూరులో పళ్ళ డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్ళింది. అప్పట్లో పన్ను పీకించుకోవడానికి వెళ్ళేవారు గాని వరస దిద్దించుకోవడానికి ఎవరు వెళ్ళేవారు? ఆ రోజు అమ్మంత మనిషి లోకంలో లేదనుకున్నాను.

"సరైన వయసులో తెచ్చారండీ. ఇప్పుడు ఎముక లేతగా ఉంటుంది, పన్ను చెప్పినట్టు వింటుంది. పెద్దదైతే వినదండీ," అన్నారు డాక్టరుగారు. చోటు కోసం రెండు వైపులా ఒక్కో మంచి పన్ను పీకారు. అమ్మ చెయ్యి పట్టుకుని కిక్కురుమనకుండా కూర్చున్నాను. మరోసారి వెళ్ళినప్పుడు అంగిట్లో అతుక్కునే గులాబిరంగు బిళ్ళ ఇచ్చారు. దానికి పళ్ళ ముందు నుంచి వెళ్ళే తీగ ఉంది. భోజనానికి తప్ప రాత్రీ పగలూ తీయకూడదనీ, నెలకోసారి వస్తే బిగిస్తాననీ చెప్పారు.

ఇంట్లో మామ్మ ఉంది, నాన్నగారి తల్లి. పౌరోహిత్యం చేసిన ఇల్లు మాది. మడీ ఎంగిలీ ఆవిడ చెప్పినట్టే నడవాలి.

"పొద్దస్తమానం నోట్లో ఎంగిలి వస్తువు పెట్టుకుని ఇల్లంతా తిరుగుతుందా? నా మడి ఏం కావాలి? దాన్ని బయటే ఉంచమను," అంది మామ్మ.

"అలాగే అత్తయ్యగారూ," అంది అమ్మ.

పెరట్లో నూతి పక్క గూట్లో గాజు గ్లాసు పెట్టి నీళ్ళు పోసింది. బడికి వెళ్తూ తీగ పెట్టుకోవాలి, రాగానే తీసి అందులో వెయ్యాలి. రాత్రంతా తీగ నూతి దగ్గర, నేను మంచం మీద.

వేసవి సెలవులకు అమ్మ పుట్టింటికి, కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరికి వెళ్ళాం. అక్కడా మడి ఉంది. కానీ మా అమ్మమ్మ, "పిల్ల నోరు పిల్లది, మనకెందుకే," అని ఊరుకుంది. పడవెక్కినా పడుకున్నా తీగ తీయలేదు. సెలవులయ్యేసరికి నా పెదవులు రెండూ కలిశాయి. డాక్టరుగారు కూడా మెచ్చుకున్నారు. గూడెం రాగానే మళ్ళీ గ్లాసు, మళ్ళీ గూడు.

చలికాలం వచ్చేసరికి పళ్ళు మొదటికొచ్చాయి. డాక్టరుగారు చూసి మొహం చిట్లించారు.

"పెట్టుకోవడం లేదా అమ్మా?"

ఆయన వేళ్ళు నా నోట్లో ఉన్నాయి. జవాబు అమ్మ చెప్పింది. "ఎన్నిసార్లు చెప్పినా వినదండీ. ఎక్కడ పడితే అక్కడ తీసి పారేస్తుందండీ. దీంతో వేగలేకపోతున్నాను."

ఆయన చేతులు కడుక్కున్నారు. "పిల్లకే శ్రద్ధ లేకపోతే మనమేం చేస్తామండీ. ఇక తీసుకురాకండి."

రైలెక్కే ముందు అమ్మ జామకాయ కొనిచ్చింది. "పరాయి మనిషి ముందు మీ మామ్మ మాట ఎలా చెప్పనే," అంది. మామ్మ మాట చెప్పొద్దు, సరే. నా మీదెందుకు చెప్పింది? మామ్మ మీద నాకంత కోపం లేదు, ఆవిడ అనుకున్నది మొహానే అంది. నేను నమ్మింది అమ్మని. కంచే చేను మేసింది. జామకాయ కిటికీలోంచి విసిరేశాను. ఆ ఏడాది మొత్తంలో నేను పారేసింది అదొక్కటే.

నేనే తీగ తీసి పారేశానన్న మాటే అమ్మ నాన్నగారికీ చెప్పింది, చుట్టాలకీ చెప్పింది. పీకిన పళ్ళ సందులు నాకలాగే ఉండిపోయాయి.

చాలా ఏళ్ళకు మా అమ్మాయి పళ్ళకి తీగ వేయించాను. ఆ రోజు అమ్మ, నేను పక్కనుండగానే, దాని గడ్డం పట్టుకుని ముద్దుగా చెప్పింది.

"మీ అమ్మలాగా తీసి పారేయకే తల్లీ. దాని కోసం నేనెంత తాపత్రయపడ్డానో."

అమ్మ మొహంలోకి చూశాను. అబద్ధమాడుతున్న జాడ ఎక్కడా లేదు.