మొగిలయ్య అడిగించుకున్న మాఫీ

మొగిలయ్యకు ఇంగ్లీషు రాదు. అయినా ముప్పై ఐదేళ్లుగా ఒకే ఇంగ్లీషు రాక్ ఆల్బమ్ వింటున్నాడు. నాచారంలో మోటార్ వైండింగ్ పనిలో చేరిన కొత్తలో, ఇంజనీరు గోపాలరావు బదిలీ మీద వెళ్తూ ఇచ్చిన క్యాసెట్ అది. పాతికేళ్ల వయసులో అతనికి అందులో డ్రమ్ములే వినిపించేవి. నలభై దాటాక గిటార్ చెవిన పడింది. అరవైకి దగ్గరపడిన ఇప్పుడు, అన్నిటి కింద మెల్లగా నడిచే బేస్ గిటార్ కోసం వింటాడు. ఎన్నిసార్లు విన్నా ఇంకేదో మిగిలే ఉంటుంది.

ఉప్పల్‌లోని ఒక కేఫ్‌లో ఆదివారం మధ్యాహ్నం ఆ ఆల్బమ్‌ను ఎల్పీ రికార్డు మీద వినిపిస్తారని తెలిసి కూతురు హిమజ రెండు టికెట్లు కొంది. మొగిలయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. కార్యక్రమం నడిపే హృషికేశ్ అనే కుర్రవాడు తలుపు దగ్గరే ఆపాడు.

"అంకుల్, ఇవి సినిమా పాటలు కావు. మీకు బోర్ కొడుతుంది."

హిమజ టికెట్లు చూపించింది. అతను నవ్వి, "సరే, ఇందులో మూడు పాటల పేర్లు చెప్పండి చూద్దాం" అన్నాడు. వెనకున్నవాళ్లు కిసుక్కుమన్నారు.

మొగిలయ్యకు చెవులు వేడెక్కాయి. మొదటి పాట, రెండో పాట అనుకోవడమే తప్ప పేర్లు ఎన్నడూ పట్టించుకోలేదు. "అందరినీ గిట్లనే అడుగుతున్నవా, నన్నొక్కన్నేనా?" అన్నాడు. హృషికేశ్ టికెట్లు చించి పక్కకు జరిగాడు. లోపలికెళ్లి చివరి వరుసలో కూర్చున్నాడు.

రికార్డు మొదలైన నిమిషానికే లేచాడు. "బంద్ జెయ్యి. స్పీడెక్కువున్నది."

"కూర్చోండి అంకుల్, ప్లీజ్."

"పాడెటాయన గొంతు సన్నగొస్తున్నది, ఇనబడ్తలేదా?"

ముందుకెళ్లి రికార్డు నడుమ చిన్న కాగితం ముక్క అంటించాడు. హిమజ ఫోన్లో నిమిషం చూస్తుంటే చుట్లు లెక్కపెట్టాడు. ముప్పై మూడు తిరగాల్సింది ముప్పై ఐదు దాటింది. స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, మోటార్ దగ్గర వేగం సరిచేసే చిన్న స్క్రూను కాస్త తిప్పాడు. గొంతు నిండుగా దిగింది.

"సూపర్ అంకుల్! ఒక సెల్ఫీ, మా పేజీలో పెడతాం" అంటూ హృషికేశ్ ఫోన్ ఎత్తాడు.

మొగిలయ్యకు అసలు కోపం అప్పుడొచ్చింది. "నా ఫోటో గావాలె గని నేను పాట ఇనొద్దా? మొఖం జూసి లోపలికి తోలుతవా? నా బిడ్డ ముందల నవ్వినవ్. మాఫీ అడుగు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హృషికేశ్ తల దించుకున్నాడు. "సారీ అంకుల్."

"అందరికీ ఇనబడాలె."

అతను గట్టిగా మళ్లీ చెప్పాడు. ముందు వరుసలో కూర్చోమన్నా మొగిలయ్య వెనక్కెళ్లి చివరి వరుసలోనే కూర్చున్నాడు. చేతులు కట్టుకుని, రికార్డు రెండు వైపులూ పూర్తిగా విన్నాకే లేచాడు.

బస్సులో హిమజ ఏదో అనబోయింది. "జర ఆగు బిడ్డా, కోపం తగ్గనీ" అన్నాడు. నాచారం వచ్చినా తగ్గలేదు.