రెండు చెవుల నట్టు

డిప్లొమా ముగించిన రెండో ఏడు బళ్ళారిలో, పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డులో ఫోర్‌మన్‌గా చేరాను. ఒక ఉదయం షెడ్డులో ఉన్నవి: ఒక విలాయతీ ఓపెన్ కారు, నాలుగు స్పోక్ చక్రాలు, ఒక జాకీ, ఒక రాగి సుత్తి, ఒక గ్రీసు డబ్బా. ఉన్నవాళ్ళు ముగ్గురు: నేను, రూపనగుడిలో ఇరవై ఏళ్ళు ట్రాక్టర్లు బాగుచేసి వచ్చిన మిస్త్రీ వన్నూరప్ప, సత్యనారాయణపేట నుంచి వచ్చిన కారు యజమానురాలు రాహేలమ్మ. ఆమె రిటైరైన నర్సు. మర్నాడు మోక ఊరి చర్చిలో మనవరాలి పెళ్ళి. పెళ్ళికూతుర్ని ఆ కారులో తానే తీసుకెళ్తానని పట్టుబట్టింది.

ఈ చక్రాలకు మామూలు కార్లలా నాలుగైదు బోల్టులుండవు. ఇరుసు చివరి హబ్బు చుట్టూ సన్నటి పళ్ళుంటాయి. చక్రం లోపలి పళ్ళు వాటిలో కూర్చుంటాయి. పైన ఒకే పెద్ద నట్టు, దానికి రెండు చెవులు. చెవిని రాగి సుత్తితో కొట్టి బిగిస్తారు. రాగి మెత్తన కాబట్టి చెవి చెడదు. ఎడమ, కుడి నట్ల మరలు ఒకదానికొకటి ఎదురు. అవన్నీ సరిచూశాను. పళ్ళు తుడిచి, గ్రీసు రాసి, చక్రాలెక్కించి, కారును నేలకు దించి, ఇక నట్లు కొట్టమని వన్నూరప్పకు చెప్పాను. బోల్టుల చక్రానికి ఆఖరి బిగింపు నేల మీదే అని చదువుకున్నాను. ట్రాక్టర్ల దగ్గర అతని అలవాటూ అదే. ఇద్దరికీ అనుమానం రాలేదు.

రాహేలమ్మ వీధి చివరిదాకా నడిపి తిరిగొచ్చింది.

"ఏంది నాయనా, కుడిపక్క ముందు చక్రం టిక్కు టిక్కుమంటాండాది?"

"కొత్త గ్రీసు గదమ్మా, రెండు దినాలు మాట్లాడి ఊరుకుంటాది," అన్నాడు వన్నూరప్ప.

"హౌదా? ముప్పై ఏండ్లు ఆసుపత్రిలో చేసినాను. అదే ఊరుకుంటాదిలే అన్న రోగం ఒక్కటీ ఊరుకోలేదప్పా."

వన్నూరప్ప నవ్వి నావైపు చూశాడు. పని సరిగ్గా ఉందని సంతకం పెట్టింది నేను. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాను. కదిలింది.

నట్టుకు లోపలివైపు వాలు అంచు ఉంటుంది. బిగిస్తున్నకొద్దీ చక్రాన్ని నడిమధ్యకు తెచ్చేది అదే. చక్రం నేల మీద ఉంటే కారు బరువు దాన్ని మధ్యకు రానివ్వదు. చక్రం ఓరగా కూర్చుంటుంది, నట్టు మాత్రం బిగిసినట్టే మోగుతుంది. నాలుగు చుట్లు దొర్లాక చక్రం సర్దుకుంటుంది, నట్టు వదులవుతుంది. అలాగే తిప్పితే పళ్ళు అరుగుతాయి. పళ్ళు జారిననాడు బ్రేకు వేసినా ఆ చక్రం ఆగదు.

తప్పు నాదేనని, గాల్లో ఉండగానే బిగించాల్సిందని ఆమెకు చెప్పాను. చక్రం తిరగకుండా బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను.

"గట్టిగా తొక్కమ్మా," అన్నాడు వన్నూరప్ప సుత్తి ఎత్తి, "వియ్యపురాలి కాలనుకో."

ఆమె తొక్కింది. నట్టు ఇంకా పావు చుట్టు తిరిగింది. తక్కిన మూడూ అలాగే లేపి బిగించాం. పది కిలోమీటర్లు నడిపించి, మళ్ళీ లేపి కొట్టాం.

ఆరేళ్ళకు నడుము దెబ్బతిని ఆ పనినుంచి విరమించాను. ఒక చక్రానికి ఒప్పయిన పద్ధతి ఇంకో చక్రానికి తప్పు కావచ్చు. చప్పుడు వినబడిందన్న మనిషికి జవాబు చెప్పేముందు జాకీ తీయాలి. ఈ రెండూ ఆ రోజు నేర్చుకున్నాను.

ఆనాటి పెళ్ళి అయిన మర్నాడు రాహేలమ్మ కారు తెచ్చింది. నాలుగు నట్లూ కొట్టి చూశాను. కదిలినవి సున్నా.