నాపరాళ్ళ మీద కొండబాట

తాడేపల్లిగూడెంలో నేను గుమస్తాగా పనిచేసే రైసుమిల్లుకి పోయిన నెల ఒక కార్డు వచ్చింది. పైన "అశుభం" అని ఉంది. కింద రెండే మాటలు: ఏలూరులో మాస్టారు కాలం చేశారు, మూడు రోజులు జ్వరం వచ్చింది. అలాంటి కార్డు చదవగానే చింపెయ్యాలి, ఇంటికి తీసుకెళ్ళకూడదు. మిల్లు వెనక ఊక పోగు దగ్గర నిలబడి చింపేశాను. చింపుతుంటే నా ట్రంకుపెట్టెలో ఉన్న ఇంకో కార్డు గుర్తొచ్చింది. అది ఆయన తన చేత్తో రాసింది. అది వచ్చి అప్పటికి నెల దాటింది. నేను జవాబు రాయలేదు.

ఆయన ఏలూరులో మాకు హైస్కూల్లో జాగ్రఫీ చెప్పేవారు. ఆయన పాఠం గురించి రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా రాస్తారు. నేను రాసేది ఆయన నడక గురించి. అందులో నేను ఆరేళ్ళుగా దాచిపెట్టిన సంగతి ఒకటుంది. అది చెప్పకుండా ఆయన్ని ఎంత పొగిడినా దొంగ పొగడ్తే అవుతుంది.

జంగారెడ్డిగూడెం మెట్ట దాటాక అడవిలో పడి, కొండల మీదుగా భద్రాచలం పోయే పాత కాలిబాట ఒకటుంది. అక్కడితో ఆగకుండా జయపురం కొండల దాకా పోతుందని మాస్టారు చెప్పేవారు. అంతా నడవాలంటే నెల పైమాటే. వేసవి సెలవుల్లో వెళ్దామంటే ఆ కొండల్లో గుక్కెడు నీళ్ళు దొరకవు. మిగిలింది క్రిస్మస్ సెలవులు. అందుకని ఆయన ఆ బాటని మూడేసి, నాలుగేసి రోజుల ముక్కలుగా కోసుకున్నారు. ఏడాదికి ఒక ముక్క. పాత విద్యార్థులం ముగ్గురం ఆయన వెంట వెళ్ళేవాళ్ళం.

ఏలూరులో కొండ కాదుగదా, గుట్ట కూడా లేదు. నవంబరు రాగానే మా కాళ్ళకి అలవాటవ్వాలని సాయంత్రాలు రైలుస్టేషను వంతెన మెట్లు ఎక్కించేవారు. ఒక్కొక్కరి సంచిలో నాలుగేసి ఇటుకలు. ఇటు ఎక్కడం, అటు దిగడం, మళ్ళీ ఎక్కడం. ప్లాట్‌ఫారం మీద కాఫీ అమ్మే అతను, "ఏవండీ మాస్టారూ, అందరూ బండి ఎక్కుతారు, మీరు వంతెన ఎక్కుతారేంటండీ?" అనేవాడు. "మా బండి ఇంకా రాలేదండీ" అని నవ్వకుండా చెప్పి ఆయన మళ్ళీ మెట్ల వైపు తిరిగేవారు.

ప్రయాణానికి ముందురోజు మూటలు విప్పించి చూసేవారు. రెండో పంచె ఎందుకు, అద్దం ఎందుకు, ఇంత పెద్ద చెంబెందుకు అని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టించేవారు. ఒకసారి నా మూటలో మా అమ్మ కట్టిచ్చిన ఎండుచేపల పొట్లం బయటపడింది. ఆయన ముక్కు మూసుకుని, "దీనికేం బరువు లేదులే, ఉంచుకో. నువ్వు మాత్రం నాకు పది గజాల వెనక నడు" అన్నారు. నిజంగానే ఆ నాలుగు రోజులూ నన్ను వెనకే నడిపించారు.

అన్నిటికంటే పెద్ద పని ముక్కని ఎంచుకోవడం. వాళ్ళింటి పెరటి వసారాలో నాపరాళ్ళు పరిచి ఉండేవి. ఆ రాళ్ళ మీద సుద్దముక్కతో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బాట మొత్తం గీసేవారు. ముక్కకీ ముక్కకీ మధ్య అడ్డగీత. ప్రతి ముక్కకీ మేం పెట్టుకున్న పేరుండేది: ఇప్పచెట్ల ముక్క, ఎండ ముక్క, వాగు ముక్క, గోదారి కనబడే ముక్క. మా అందరి చేతుల్లో తలా ఒక చింతపిక్క. ఎవరికి నచ్చిన ముక్క మీద వాళ్ళు పిక్క పెట్టి, ఎందుకో చెప్పాలి. ఊరికే పెడితే ఊరుకునేవారు కాదు. ఎక్కువ పిక్కలు ఎక్కడుంటే ఆ ఏడు అక్కడికే. మాస్టారు అందరికంటే ఆఖర్న పెట్టేవారు.

ఆ గీత వారం రోజులు అలాగే ఉండేది. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, విసుక్కునేవారు. "మీ కొండలు తుడిస్తేగానీ నాకు పీట వేసుకునే చోటు లేదండీ." పిల్లల్లేని ఇల్లు అది. మా అల్లరి ఆవిడకి ఇష్టమేనని మాకు తెలుసు.

"దూరాన్ని మైళ్ళతో కొలవకురా, దాహంతో కొలువు" అనేవారు మాస్టారు. ఇంకో మాట కూడా తరచూ అనేవారు: "బాట నీకంటే ముందు చాలామందిని చూసింది. దాంతో వాదించకు." ఈ రెండో మాట నేను వినలేదు.

ఉప్పు సత్యాగ్రహం నాటి ఏడాది డిసెంబరులో మా ముందు ఎండ ముక్క, వాగు ముక్క మిగిలాయి. ఎండ ముక్క నాలుగు రోజులు, కొండ నెత్తి మీద నడక, నీళ్ళు మోసుకోవాలి. వాగు ముక్క మూడు రోజులే, పక్కనే నీళ్ళు.

"ఈ ఏడు వానలు ఎక్కువ పడ్డాయి. వాగు పక్కన బాట ఎక్కడుందో ఎక్కడ కొట్టుకుపోయిందో తెలీదు. ఎండ ముక్కే మేలు" అన్నారు మాస్టారు.

నేను ఊరుకోలేదు. "నీళ్ళ పక్కన దారి తప్పేదేముందండీ? మండవల్లి అవతల లంకలో పుట్టినవాణ్ణి నేను. పొగమంచులో దోనె ఎటు పోతోందో తెలియకపోతే గెడ ఎత్తేసి నీటివాలుకి వదిలేస్తామండీ. ఏదో ఒక ఊరు తగుల్తుంది. నీరెటు పోతే ఊరు అటే కదండీ!"

"అది మీ కొల్లేటి నీరురా. దానికి తొందర లేదు."

మిగతా ఇద్దరూ నవ్వారు, కానీ నీళ్ళు మోసే బాధ తప్పుతుందని నా పక్కనే పిక్కలు పెట్టారు. మాస్టారు కాసేపు గీతని చూశారు. తర్వాత తన పిక్క కూడా మా పిక్కల పక్కనే పెట్టి, "సరే, పదండి" అన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం, నేను అందరికంటే ముందు నడుస్తున్నాను. ఒకచోట బాట వాగుని వదిలేసి కుడివైపు నిట్టనిలువుగా గుట్ట ఎక్కుతోంది. వాగేమో ఎడమవైపు హాయిగా కిందికి పోతోంది. కింద ఊరుందని మాకు తెలుసు. గుట్టెక్కి దిగే బదులు వాగు వెంట పోతే అందరికంటే ముందు ఊళ్ళో కూర్చుని వీళ్ళని ఆటపట్టించవచ్చు అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా వాగులోకి దిగాను.

అరమైలు పోయాక నీరు మాయమైంది. నా కాళ్ళ ముందు రాయి తెగిపోయి, వాగు మూడు తాటిచెట్ల లోతుకి దూకుతోంది. వెనక్కి వద్దామంటే నేను జారుకుంటూ దిగిన బండ నాచుపట్టి ఉంది, ఎక్కలేను. కొల్లేట్లో పుట్టిన నాకు నీరు కిందికి దూకుతుందన్న సంగతి పుస్తకంలో చదివిందే, ఎదురుగా చూసింది లేదు. అరిచాను.

మిగతా ఇద్దరూ గుట్టెక్కేశారు. వెనక వస్తున్న మాస్టారు విన్నారు. ఒక్కరే దిగి వచ్చారు. తిట్టలేదు. పై బండ మీద బోర్లా పడుకుని, తలపాగా విప్పి కిందికి వదిలి, "పట్టుకో, కిందికి చూడకు" అన్నారు. నన్ను పైకి లాగారు. నేను పైకొచ్చి పక్కకి జరిగాను. ఆయన లేవబోయారు. కాలు జారింది. ఆయన అంతకుముందు నేను నిలబడిన చోటే, కింది బండ మీద, మోకాలి మీద పడ్డారు. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

కింది ఊరి కోయవాళ్ళు నలుగురు ఆయన్ని పైకి తీసి, వెదురుకి మంచం కట్టి ఒకటిన్నర రోజు మోశారు. దారిలో మిగతా ఇద్దరూ ఎలా జరిగిందని అడిగితే ఆయన, "నాచు మీద నేనే జారానురా" అన్నారు. అబద్ధం కాదు. నిజమూ కాదు. నేను మంచం కోడు పట్టుకుని తలొంచుకు నడిచాను.

ఏలూరు ఆసుపత్రి వరండాలో అమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "బాట గుట్ట మీంచి కదా నాయనా? ఈయన వాగులోకి ఎందుకు దిగారు?"

"నీళ్ళ కోసమండీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మోకాలు మళ్ళీ వంగలేదు. అమ్మగారు వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చెప్పేవారు: "చెంబెడు నీళ్ళ కోసం కాలు పోగొట్టుకున్నారండీ. ఊరంతటికీ జాగ్రత్తలు చెప్పే మనిషి." మాస్టారు కుర్చీలో కూర్చుని ఆ మాట వింటూ ఉండేవారు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే నేను చెప్పేసేవాడినేమో. నాకు ఆ అవసరం రాకుండా చూశారని తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక ఆ ఇంటికి వెళ్ళడం మానేశాను. తాడేపల్లిగూడెంలో మిల్లు పనని చెప్పుకున్నాను. గూడెం నుంచి ఏలూరికి రైలెక్కితే ఎంతసేపని?

ఆయన మాత్రం మానలేదు. ఏటా గీత గీసేవారట. కొత్త విద్యార్థుల చేత పిక్కలు పెట్టించి, వాళ్ళని పంపించి, తిరిగొచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగడుగూ చెప్పించుకునేవారట. ఈ ఏడు నాకు వచ్చిన కార్డులో ఇలా ఉంది: "ఒరేయ్, ఈసారి ముక్క నువ్వు చెప్పాలి. నా కాలి సంగతి వదిలెయ్. నీ కాళ్ళ సంగతి రాయి." ఆ కార్డు రోజూ తీసి చదివాను. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. అంతలో రెండో కార్డు వచ్చింది.

వెంటనే వెళ్ళానని రాయాలని ఉంది. వెళ్ళలేదు. కర్మ అంతా అయ్యాక, బంధువులు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం వెళ్ళాను. అమ్మగారు నన్ను చూసి, "రా నాయనా" అని పెరటి వసారాలోకి తీసుకెళ్ళారు. నాపరాళ్ళ మీద సుద్దగీత అలాగే ఉంది. అడ్డగీతలన్నీ ఉన్నాయి. ఒక్క పిక్క కూడా లేదు.

"శవం లేచాక ఇల్లంతా కడిగారు. ఈ వసారా మాత్రం కడగనివ్వలేదు నేను. మైల అన్నారు, శాస్త్రం అన్నారు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను" అన్నారావిడ. "నీ ఉత్తరం వచ్చిందా అని రోజూ అడిగేవారు. వాడొచ్చి పెడితేగానీ ఎవరూ పిక్క పెట్టడానికి వీల్లేదన్నారు. ఆ వాగు ముక్క ఇన్నేళ్ళూ ఎవర్నీ తీసుకోనివ్వలేదు. అది ఒకరిదని అనేవారు. ఎవరిదండీ అంటే చెప్పేవారు కాదు."

అప్పుడు చెప్పాను. వాగులోకి దిగింది నేనని, నీళ్ళ కోసం కాదని, నా కోసం దిగారని. అంతా చెప్పాను. చెబితే బరువు దిగుతుందని అనుకున్నాను.

ఆవిడ ఏడవలేదు. గోడ వైపు తిరిగారు. తర్వాత మెల్లిగా, నాతో కాదన్నట్టు, "ఆరేళ్ళు దెప్పాను" అన్నారు. "అన్నం పెడుతూ దెప్పాను, కాలికి నూనె రాస్తూ దెప్పాను. చెంబెడు నీళ్ళు, చెంబెడు నీళ్ళని. ఒక్కసారైనా కాదనలేదే మనిషి."

నా బరువు దిగలేదు. ఆవిడ మీదికి మారింది.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి వచ్చి, నా అరచేతిలో ఒక చింతపిక్క పెట్టారు. "పెట్టు. ఎందుకో కూడా చెప్పాలి కదా, చెప్పు."

వంగి, వాగు ముక్క మీద, బాట వాగుని వదిలి గుట్ట ఎక్కేచోట పిక్క పెట్టాను. "ఇక్కణ్ణించి నేను నడవలేదండీ" అన్నాను.

వచ్చే డిసెంబరుకి వెళ్తావా అని ఆవిడ అడగలేదు, వెళ్ళమనీ చెప్పలేదు. నేను చెప్పులేసుకుని గుమ్మం దిగుతుంటే వెనక చీపురు చప్పుడు వినిపించింది. తిరిగి చూశాను. ఆవిడ వసారా ఆ చివర్నుంచి ఊడ్చుకుంటూ వస్తున్నారు. గీత దగ్గరికొచ్చి చీపురు ఆపారు. ఎడమచేత్తో కొంగు పైకి దోపుకుని, పిక్కకి తగలకుండా, దాని చుట్టూ దుమ్ము తీసి, గీతని దాటి ఇవతలి వైపు ఊడ్చుకుంటూ వచ్చారు.