మూడో డబ్బాలోని ముఖం

ఆ సినిమా మా జనగామకు రీళ్లు సర్దిన మూడు రేకు డబ్బాల్లో రావలసింది. రెండే వచ్చాయి. మూడో డబ్బా ఉన్న రైలును మా ఊరివాళ్లే ఆపేశారు.

అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. కాలేజీ లేదు, బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. మా కిరాణా దుకాణానికి ఎదురుగా చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. రోజుకొక కులవృత్తి వాళ్లో ఉద్యోగులో పొద్దున దండలు వేసుకుని కూర్చునేవారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవారు. మా ఇల్లు దుకాణం పైనే. నేను కిటికీ దగ్గర నవల తెరిచి పెట్టుకుని శిబిరంలో మాటలు వినేదాన్ని. కింద ఎవరైనా తలెత్తితే నవల ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని. విన్నవాటిలో బాగున్నవి డైరీలో రాసుకునేదాన్ని. దుకాణంలో ఎవరైనా పలకరిస్తే మాత్రం నా గొంతు నాకే వినిపించేది కాదు.

అదొక ఫైటింగ్ సినిమా. చాలా తక్కువ ఖర్చుతో బొగ్గు బావుల దగ్గర తీశారు. హీరో ఎవరో ఎవరికీ తెలియదు. పేలిపోయిన జీపు రెండు సీన్ల తర్వాత రంగు మార్చుకుని మళ్లీ వచ్చేది. అయినా మా ఊరు ఆ సినిమా కోసం పడి చచ్చింది. కారణం ఒక్కటే. అందులో హీరో మాలాగే మాట్లాడతాడు. అంతకుముందు మా మాట సినిమాల్లో రౌడీకో, నవ్వించేవాడికో మాత్రమే దక్కేది. ఇందులో హీరో కోపం వచ్చినా, ప్రేమ పుట్టినా, వాళ్లమ్మ దగ్గర ఏడ్చినా మా మాటే.

మా వదినకు దానిమీద ఇంకో ఆశ కూడా ఉండేది. ఆమెది భూపాలపల్లి. కార్మికుల క్వార్టర్ల దగ్గర వాళ్ల నాన్నకు దుకాణం ఉంది. దుకాణంలో కూర్చోవలసిన వదిన తమ్ముడు, షూటింగుకు వచ్చినవాళ్ల వెంట వెళ్లిపోయాడు. అప్పటి నుంచి తండ్రి అతనితో మాట్లాడటం లేదు. వదిన పెళ్లిలో, పిల్ల తమ్ముడు ఏం చేస్తాడని మా చుట్టాలు అడిగితే, సినిమాల్లో చేస్తాడని చెప్పారు. చుట్టాలు ముఖాలు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు మా ఇంట్లోకి కూడా వచ్చి కూర్చుంది. తమ్ముడి ముఖాన్ని మా అమ్మ ఒక్కసారి తెర మీద చూస్తే చాలు, ఆ నవ్వు పోతుందని వదిన ఆశ.

చిక్కేమిటంటే, సినిమా పొడుగునా అతను ముఖానికి ఎర్ర తువ్వాల కట్టుకుని ఉంటాడు. విలన్ మనుషుల్లో ఒకడు. హీరోతో ప్రతి ఫైటులోనూ తన్నులు తింటాడు. ఆఖరి ఫైటులో తువ్వాల ఊడుతుందని అతను వదినకు ఫోన్‌లో చెప్పాడు.

మ్యాట్నీకి అమ్మను వదినే బతిమాలి తీసుకువెళ్లింది. నేనూ వెళ్లాను. తువ్వాల కట్టుకున్న మనిషి గోడ మీది నుంచి దూకగానే వదిన అమ్మ చెయ్యి పట్టుకుంది.

“అత్తమ్మా, గాడే మా తమ్ముడు!”

“మూతికి తువ్వాల కట్టుకున్నోడు ఎవరికైనా తమ్ముడే అయితడు,” అంది అమ్మ, శనగలు నములుతూ.

“ఆఖర్ల ముఖం కనబడ్తది, చూడుండ్రి.”

ఆఖరి ఫైటు మొదలవబోతుండగా తెర తెల్లబడింది. లైట్లు వెలిగాయి. మేనేజరు ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

“మూడో డబ్బా మానుకోట నుంచి రైల్ల వస్తున్నది. పొద్దుగాల పట్టాల మీద కూసొని ఆ రైలును మీరే ఆపిండ్రు. మరి నన్నేం చేయమంటరు?”

అక్కడున్న మగవాళ్లలో సగం మంది ఆ పొద్దున పట్టాల మీద కూర్చున్నవాళ్లే. వెనక నుంచి ఎవరో నవ్వారు, ఇక హాలంతా నవ్వింది. టికెట్ పైసలు వాపసు ఇమ్మని ఒక్కరూ అడగలేదు. ఇద్దరు మోటారు సైకిలు మీద ఆ రైలు ఆగిన చోటికి వెళ్లారు గానీ, గార్డు డబ్బా ఇవ్వనన్నాడు. సాయంత్రానికి రైలును వెనక్కి పంపేశారు. సినిమా తర్వాత ఆడవలసింది భూపాలపల్లిలో. మా దగ్గరి రెండు డబ్బాలు కూడా లారీలో అటే వెళ్లిపోయాయి.

నవ్వుతున్న జనంలోంచి బయటికి వస్తూ నవ్వనిది మా వదిన ఒక్కతే.

మర్నాటి నుంచి శిబిరంలో చర్చంతా ఆ సినిమా మీదే. అందరికంటే గట్టిగా మాట్లాడేది ఇద్దరు. ఒకరు మా పక్క దుకాణం టైలరు. ఇంకొకరు సమ్మెలో ఉన్న ఒక ఆఫీసు గుమాస్తా.

“తువ్వాలోడు ఒక్కడు కాదు,” అన్నాడు టైలరు. “తువ్వాల ఒక్కటి, మనుషులు నలుగురు. పైసల్లేని సినిమా. ఆ పూట ఎవడు ఖాళీగుంటే వాని మూతికి కట్టిండ్రు.”

“నలుగురెట్లయితరన్నా? గోడ మీదికెల్లి దుంకినా, లారీ మీదికెల్లి దుంకినా ఎడమ భుజం మీదనే పడ్డడు. నలుగురికి నలుగురు గట్లనే పడ్తరా?” అన్నాడు గుమాస్తా.

“పడుమంటే పడ్తరు. ఆఫీసుల మీ సాబ్ కూసోమంటే నువ్వు కూసోవా?”

గుడారం ఘొల్లుమంది. గుమాస్తా తగ్గలేదు.

“ఏమన్న అనుకో. హీరో గాలిని తన్నిండు. నిజంగ కింద పడ్డది తువ్వాలోడే. వాడు పడ్తెనే హీరో కొట్టినట్టు కనబడ్డది.”

“సరే, పేలిన జీపు మళ్లెట్ల వచ్చిందో చెప్పు.”

“దాని తమ్ముడైతది.”

కిటికీ దగ్గర నా పక్కన వెల్లుల్లి వలుస్తున్న వదిన చెయ్యి ఆగింది. “నిజంగ కింద పడ్డది తువ్వాలోడే” అన్న ముక్కను తనలో తాను మళ్లీ అనుకుంది.

“ఆయన నీ తమ్ముడని వాళ్లకు చెప్పరాదు వదినా,” అన్నాను.

“ఇంట్లనే నమ్మలే పిల్లా. వాళ్లేం నమ్ముతరు?”

కింద టైలరు ఇంకో మాట ఎత్తుకున్నాడు. ఆఖరుకు హీరో చనిపోయి ఉంటాడని, అలా చనిపోతేనే సినిమా పదికాలాలు నిలుస్తుందని అతని వాదన.

“ఇన్నేండ్లకు మనోడొకడు హీరో అయిండు,” అన్నాడు గుమాస్తా. “గాయన్ను గూడ సంపుతవా?”

ఆ మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు.

బతుకమ్మకు వదిన పుట్టింటికి బయల్దేరింది. బస్సులు లేవు. మా దుకాణానికి సరుకు దింపి పరకాల మీదుగా భూపాలపల్లి వెళ్తున్న వ్యానులో, తోడుగా నన్ను ఎక్కించారు. వదిన వెళ్తోంది పండుగకు మాత్రమే కాదని నాకు తెలుసు.

భూపాలపల్లిలో బావులు కూడా సమ్మెలో ఉన్నాయి. పగటి పూట కార్మికులంతా పైనే ఉండటంతో ఊరు తిరునాళ్లలా ఉంది. మధ్యాహ్నం భోజనం కాగానే వదిన నాన్న దుకాణం షట్టరు సగం దించి బయటికి వెళ్లిపోయాడు.

“బాపు ఏడికి పోయిండే?” అని వదిన వాళ్లమ్మను అడిగింది.

“దవాఖానకంట. వారం సంది రోజూ పోతున్నడు. ఏ రోగమో చెప్పడు. మందులు గూడ తేడు.”

మేమిద్దరం మ్యాట్నీకి వెళ్లాం. హాలు కిటకిటలాడుతోంది. మాకు రెండు వరుసల ముందు, చివరి కుర్చీలో, కండువా భుజాన వేసుకుని ఒక పెద్దమనిషి నిటారుగా కూర్చున్నాడు. వదిన నా మోచేయి గిల్లింది. అది ఆమె నాన్న.

మూడో డబ్బాలోని ఫైటు బొగ్గు కుప్ప మీద జరుగుతుంది. తువ్వాల మనిషి పైనుంచి దొర్లుకుంటూ వచ్చి ఎడమ భుజం మీద పడ్డాడు. హీరో అతని ముఖం మీది తువ్వాల లాగేశాడు. లోపలి ముఖం బొగ్గు పూసుకుని నల్లగా ఉంది. కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఈ ముఖాన్ని చూపించి మా అమ్మను ఏం నమ్మిస్తాం? అప్పుడు అతను చెయ్యి అడ్డం పెట్టి, ఎగపోస్తూ అన్నాడు.

“అన్నా, జర ఆగు. దమ్ము తీసుకోనియ్.”

హీరో నిజంగానే ఆగాడు. ఇద్దరూ బొగ్గు కుప్ప మీద పక్కపక్కన కూర్చుని ఊపిరి తీసుకున్నారు. హాలంతా ఈలలు. “మన దుకాణం సేటు కొడుకు!” అని ఎవరో కేక వేశారు. కాసేపటికి ఇద్దరూ లేచారు. ఒకరినొకరు కొట్టుకోలేదు, కలిసి విలన్ వైపు నడిచారు. హీరో చనిపోడు. వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

బయట గేటు దగ్గర వదిన నాన్న దొరికిపోయాడు.

“దవాఖాన అయిందా బాపూ?”

“ఆఁ... లైనుండె,” అన్నాడాయన. కొంచెం దూరం నడిచాక తనే మళ్లీ ఎత్తుకున్నాడు. “ఎప్పుడు జూడు, గా ఎడమ భుజం మీదనే పడ్తడు. చిన్నప్పుడు బియ్యం బస్తాల మీదికెల్లి దుంకుడు సంది చెప్తున్న. ఇనడు. ఫోన్ జేసి జెప్పు బిడ్డా, చేతులు ముందుకు పెట్టుమని.”

“నువ్వే జెప్పరాదు?”

ఆయన కండువా సర్దుకుని ముందు నడిచాడు. ఇంటి మలుపు దగ్గర, “నంబరు అదేనా, మార్చిండా?” అని అడిగాడు.

మేం జనగామకు తిరిగి వచ్చిన కొద్ది రోజులకు మా ఊళ్లో వంటావార్పు పెట్టారు. అంటే హైదరాబాద్ రోడ్డు మీద అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే పంక్తి భోజనాలు చేయడం. మా వాడ ఆడవాళ్లకు పప్పు, పులుసు అప్పగించారు. ఇటుకల పొయ్యి మీద పప్పు గుండిగ ఎక్కింది. వదిన గరిటె తిప్పుతోంది. అమ్మ చింతపండు పిసుకుతోంది. టైలరు, గుమాస్తా కట్టెలు తెచ్చి వేస్తూ కూడా వాదన ఆపలేదు.

“మీ భూపాలపల్లిల ఆడుతున్నదంట గద అక్కా, చూసిన్రా? హీరో ఉన్నడా, పోయిండా?” అని గుమాస్తా వదినను అడిగాడు.

వదిన అమ్మ వైపు చూసి, తల దించుకుని గరిటె తిప్పింది. ఆ తల దించుకోవడం నేను చూడలేకపోయాను.

“ఉన్నడు,” అన్నాను. నా గొంతు నాకు వినిపించింది. అందరూ ఇటు తిరిగారు. అడ్డం పెట్టుకుందామంటే చేతిలో నవల కూడా లేదు. బొగ్గు కుప్ప, తువ్వాల, ఆ మాట, హీరో ఆగి కూర్చోవడం, అన్నీ చెప్పాను. “తువ్వాలోడు ఒక్కడే. మా వదిన తమ్ముడు,” అని ముగించాను.

టైలరు నవ్వాడు. “ఇంటి ఆడబిడ్డవు, నువ్వు గట్లనే చెప్తవు బిడ్డా. కొట్టుకునే నడుమ కూసొని దమ్ము తీసుకుంటరా ఎవరన్న?”

చింతపండు పిసికే అమ్మ చెయ్యి నెమ్మదించింది.

అంతలో పోలీసు వ్యాను వచ్చి ఆగింది. లాఠీ పట్టుకుని ఒక కానిస్టేబుల్ మా పొయ్యి దగ్గరికి వచ్చాడు.

“లేవండమ్మా, లేవండి. రోడ్డు ఖాళీ చేయాలె.”

పప్పు ఇంకా ఉడకలేదు. గరిటె వదలకుండా, చెమట తుడుచుకుంటూ మా వదిన తలెత్తింది.

“అన్నా, జర ఆగు. దమ్ము తీసుకోనియ్.”

కానిస్టేబుల్ అక్కడే ఆగిపోయాడు. ముఖమంతా నవ్వు పరుచుకుంది.

“మీరు గూడ చూసిన్రా? నేను మానుకోటల డ్యూటీ ఉన్నప్పుడు చూసిన. తువ్వాల తీసేసరికి నల్లగ బొగ్గు ముఖం! ఇద్దరు కూసుంటరు సూడు... గా సీను కోసమే రెండోసారి పోయిన. ఎవడోగని ఆ పిలగాడు...”

టైలరు చేతిలోని కట్టె చేతిలోనే ఉండిపోయింది. గుమాస్తా అతని వీపు మీద చరిచాడు.

అమ్మ చింతపండు చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, కానిస్టేబుల్ ముందుకు ఒక విస్తరాకు జరిపింది.

“ఎవడో కాదు నాయినా,” అంది. “మా కోడలు తమ్ముడే. కూసో, పప్పు ఉడుకుతున్నది.”